చీనీ అంటు నుంచి కుంట పాచి దాకా: విత్తనం లేకుండా మొక్కను పెంచే పద్ధతులు

అనంతపురం నుంచి తాడిపత్రి వైపు పోతుంటే కనిపించే చీనీ (బత్తాయి) తోటల్లో గింజ నాటి పెంచిన చెట్టు కోసం వెతికినా దొరకడం కష్టం. అరటి తోటలూ అంతే, దానిమ్మ తోటలూ అంతే. ఎవరో ఎక్కడో ఒక మంచి చెట్టును గుర్తించారు. దాని మొగ్గో, కొమ్మో, పిలకో తెచ్చి మరో చెట్టు చేశారు, దాన్నుంచి ఇంకోటి. పదో తరగతి పుస్తకంలో అలైంగిక ప్రత్యుత్పత్తి అనే పాఠం ఇదే. మన జిల్లాలో ఇది పరీక్షకు చదివి వదిలేసే పాఠం కాదు, వేల కుటుంబాల బతుకుతెరువు.

పూత, పుప్పొడి, ఫలదీకరణం లేకుండా ఒకే జీవి నుంచి అచ్చం దాని జన్యువులతోనే కొత్త జీవి పుట్టడాన్ని అలైంగిక ప్రత్యుత్పత్తి అంటారు. మొక్కల్లో కొమ్మలు, పిలకలు, దుంపలు, ఆకులు ఈ పని చేస్తాయి. బూజు లాంటి శిలీంధ్రాల్లో సిద్ధబీజాలు (గింజలా మొలిచే సూక్ష్మ కణాలు), మొగ్గలు చేస్తాయి. శైవలాల్లో, అంటే నీటి పాచిలో, పోగు తెగిన ముక్కే కొత్త పోగు అవుతుంది. ఈ మూడింటినీ చేతులతో ఎలా చేయాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఇక్కడ రాస్తున్నాను. చీనీకీ దానిమ్మకీ ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే మన రైతు డబ్బు ఎక్కువగా పోయేదీ వచ్చేదీ అక్కడే.

తల్లి చెట్టును ముందు ఎంచుకోండి

కత్తి పట్టడం కొన్ని వారాల్లో ఎవరికైనా వస్తుంది. తల్లి చెట్టును ఎంచడానికి మాత్రం రెండు మూడు కాపులు చూడాలి. అంటు మొక్కలో తల్లి గుణాలన్నీ వస్తాయి. తీపి వస్తుంది, కాపు వస్తుంది. తల్లి ఒంట్లో వైరస్ ఉంటే అదీ వస్తుంది. గింజ మొక్కకు చాలా వైరస్‌ల నుంచి కొంత రక్షణ ఉంటుంది, మొగ్గకు ఆ రక్షణ లేదు. చీనీలో ట్రిస్టెజా వైరస్, గ్రీనింగ్ తెగులు రెండూ మొగ్గ ద్వారా దిగుతాయి. దానిమ్మలో బాక్టీరియా మచ్చ తెగులు, అరటిలో బంచీ టాప్ అలా దిగేవే. మొక్క నాటినప్పుడు ఏమీ కనబడదు. మూడో ఏటో నాలుగో ఏటో చెట్టు వాడడం మొదలయ్యాక తెలిసి లాభం లేదు.

అందుకని మీ తోటలోగానీ పక్కవాళ్ల తోటలోగానీ బాగా కాసే చెట్లు కొన్నింటిని గుర్తుపెట్టుకోండి. కొమ్మకు రంగు తాడు కట్టండి. ఏటా ఎన్ని కాయలు కాసింది, ఏ నెలలో కాసింది, ఆకు పసుపు పడిందా, కొమ్మలు చివర్ల నుంచి ఎండాయా, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒక్క ఏడాది విరగకాసిన చెట్టును చూసి మోసపోకండి. చీనీ చెట్టు చచ్చేముందు కూడా విపరీతంగా కాస్తుంది. వరుసగా మూడేళ్లు నిలకడగా కాసి, ఆకు నిండుగా ఉండి, మొదలు దగ్గర బంక కారని చెట్టే తల్లిగా పనికొస్తుంది.

నర్సరీలో మొక్కలు కొనేవాళ్లు కూడా ఈ ప్రశ్న గట్టిగా అడగాలి. "మొగ్గలు ఎక్కడి నుంచి తెచ్చారు? తల్లి చెట్లు చూపిస్తారా?" అని అడిగితే చూపించే నర్సరీలు ఉన్నాయి. చూపించని చోట మొక్క పది రూపాయలు తక్కువైనా కొనకండి.

చీనీ: రంగపూర్ నిమ్మ వేరు మీద సాత్గుడి (చీనీ రకం) మొగ్గ

చాలామందికి తెలియని విషయం ఒకటి చెబుతాను. చీనీ గింజ నాటినా చాలావరకు తల్లిని పోలిన చెట్టే వస్తుంది. నిమ్మజాతి గింజల్లో ఫలదీకరణతో పుట్టిన పిండంతో పాటు తల్లి కణజాలం నుంచి నేరుగా పుట్టిన పిండాలు కూడా ఉంటాయి. ఒక గింజ నాటితే రెండు మూడు మొలకలు రావడం మీరు చూసే ఉంటారు, కారణం ఇదే. అంటే గింజ రూపంలోనే అలైంగిక ప్రత్యుత్పత్తి జరిగిపోతోంది.

మరి అంటు కట్టడం ఎందుకు? గింజ చెట్టుకు ముళ్లు ఎక్కువ, కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్లు పట్టొచ్చు. అంటు చెట్టు నాలుగో ఏడు, ఐదో ఏడు నుంచే కాపు చూపిస్తుంది. ఇంకో కారణం వేరుకు సంబంధించింది. చీనీ సొంత వేరు బంక తెగులుకు త్వరగా లొంగుతుంది. రంగపూర్ నిమ్మ వేరు బంక తెగులును మెరుగ్గా తట్టుకుంటుంది, నీటి ఎద్దడినీ తట్టుకుంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే మన జిల్లాకు అలాంటి వేరే కావాలి. జంబేరి అనే ఇంకో నిమ్మజాతి వేరు మీద కట్టిన మొక్క నర్సరీలో ఏపుగా కనిపిస్తుంది. ఆ ఏపును చూసి కొనకండి, రంగపూర్ మీద కట్టినదే అడగండి.

మొదటి పని, వేరు మూలం, అంటే మొగ్గను అంటించే అడుగు మొక్క, పెంచడం. బాగా పండిన రంగపూర్ కాయలు తెచ్చి గింజలు తీసి, జిగురు పోయేదాకా కడిగి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరబెట్టి వెంటనే విత్తండి. ఎండబెట్టి దాచితే నిమ్మజాతి గింజ మొలకశక్తి పోతుంది. రెండు మూడు వారాల్లో మొలకలు వస్తాయి. జానెడు ఎత్తు పెరిగాక పాలిథిన్ సంచుల్లోకి మార్చండి. ఇక్కడే ఏరివేత చేయాలి. ఒకే ఎత్తు, ఒకే ఆకు, ఒకే తీరుగా ఉన్న మొలకలు తల్లి కణజాలం నుంచి పుట్టినవి. మిగతావాటికంటే మరీ పొట్టిగా, మరీ పొడుగ్గా, ఆకు తేడాగా ఉన్నవి ఫలదీకరణతో పుట్టినవి అయి ఉంటాయి. జాలి పడకుండా వాటిని పీకేయండి. వేర్లు ఒకే తీరుగా లేని తోట పదేళ్లయినా ఎత్తు పల్లాలుగానే ఉంటుంది.

రెండో పని, సమయం చూసుకోవడం. కాండం పెన్సిల్ లావుకు రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. ఆ లావు వచ్చాక బెరడు సులువుగా ఊడుతోందో లేదో చూడండి. కత్తి మొనతో చిన్న గాటు పెట్టి ఎత్తితే బెరడు తడిగా, జారుతూ లేవాలి. పీచు పీచుగా చిరిగితే ఆ రోజు పని పెట్టుకోకండి. ముందు నాలుగైదు రోజులు నీళ్లు బాగా పెట్టి మళ్లీ చూడండి. ఏప్రిల్, మే ఎండల్లో ఈ పని వద్దు.

మూడో పని, మొగ్గ పుల్ల తేవడం. తాడు కట్టి పెట్టుకున్న తల్లి చెట్టు మీద మరీ లేతదీ మరీ ముదురుదీ కాని కొమ్మ చూడండి. లేత చీనీ కొమ్మ పలకలు పలకలుగా ఉంటుంది. కాస్త ముదిరితే గుండ్రంగా మారి, ఆకుపచ్చ మీద తెల్లని సన్నటి చారలు పడతాయి. అదీ మనకు కావాల్సింది. కోసిన వెంటనే ఆకులు కత్తిరించేసి కాడలు మాత్రం అర అంగుళం ఉంచండి. ఆకు ఉంటే పుల్లలోని నీరంతా ఆవిరైపోతుంది. కాడ ఎందుకుంచాలో కాసేపట్లో చెబుతాను. పుల్లల్ని తడిగుడ్డలో చుట్టి నీడలో పెట్టండి, అదే రోజు వాడేయండి.

నాలుగో పని, కత్తి. అంటుకత్తి పదునుగా ఉండాలి. ఒక తల్లి చెట్టు నుంచి మరో చెట్టుకు పోయేటప్పుడు కత్తిని స్పిరిట్‌తో తుడవండి. నేల నుంచి 20 సెంటీమీటర్లకు తగ్గకుండా పైన, నున్నటి చోట, అంగుళం పొడవున నిలువు గాటు పెట్టండి. దాని పై కొసన అడ్డంగా చిన్న గాటు పెడితే ఇంగ్లిష్ టి అక్షరం ఆకారం వస్తుంది. గాటు బెరడు మందమే దిగాలి, చెక్కలోకి పోకూడదు. ఇప్పుడు మొగ్గ పుల్ల నుంచి మొగ్గ చుట్టూ అంగుళం పొడవున డాలు ఆకారంలో బెరడు ముక్క తీయండి. కాడను పట్టుకుని తీస్తే వేళ్లు లోపలి భాగానికి తగలవు. తగిలితే చేతి మురికి, చెమట అక్కడ అంటి మొగ్గ నల్లబడుతుంది. కాండం మీది గాటు రెండు పెదాలూ కత్తి వెనకభాగంతో నెమ్మదిగా విప్పి, మొగ్గ కొస పైకి చూసేలా లోపలికి జార్చండి. తలకిందులుగా పెడితే అంటుకున్నా పనికిరాదు.

ఐదో పని, కట్టు. అర అంగుళం వెడల్పు పాలిథిన్ పట్టీతో కింద నుంచి పైకి, మొగ్గ కన్ను, కాడ బయటికి కనిపించేలా బిగుతుగా చుట్టండి. గాటులోకి గాలి, నీరు పోకూడదు. ఈ రెండు బెరళ్ల కింద ఉండే సన్నటి విభాజ్య కణజాలం కొత్త కణాలు పుట్టించి ఒకదానికొకటి అతుక్కుంటుంది. కట్టు వదులైతే మధ్యలో ఖాళీ ఏర్పడి ఆ కణాలు ఎండిపోతాయి.

పదిహేను రోజులు గడిచాక అందరికీ టెన్షనే. ఏ నర్సరీలోనైనా కొత్తగా పనిలో చేరినవాడు అడిగే మొదటి ప్రశ్న, "అన్నా, పట్టిందో లేదో విప్పి చూడాల్నా?" అనే. పాత చేతి జవాబు, "విప్పద్దు, కాడ ముట్టుకో సాలు." అందుకే ఆ అర అంగుళం కాడను ఉంచింది. మొగ్గ బతికితే కాడ పసుపు రంగుకు తిరిగి, వేలు తగలగానే టపీమని రాలుతుంది. కింద మొగ్గ పచ్చగా, కాస్త ఉబ్బి ఉంటుంది. మొగ్గ చస్తే కాడ నల్లగా ముడుచుకుని అక్కడే అతుక్కుపోతుంది, లాగినా ఊడదు. బతికిన మొక్క కాడను తనంతట తనే తెంచుకుంటుంది, చచ్చిన కణజాలానికి ఆ శక్తి ఉండదు. పోయినచోట రెండో వైపు ఇంకో మొగ్గ పెట్టండి, వేరు మూలం వృథా కాదు.

పట్టినవాటికి మొగ్గ పైన జానెడు ఎత్తులో రంగపూర్ కాండాన్ని సగానికి కోసి వంచండి. పైనున్న ఆకుల నుంచి కొంత ఆహారం ఇంకా అందుతుంది, మొగ్గకు మాత్రం మేలుకొమ్మని సంకేతం వెళ్తుంది. చీనీ చిగురు జానెడు పెరిగాక వంచిన భాగాన్ని పూర్తిగా కత్తిరించి, కట్టు విప్పేయండి. కట్టు మరిచిపోతే కాండం లావెక్కేకొద్దీ పాలిథిన్ బిగుసుకుని మెడ కోసేస్తుంది.

ఆ తర్వాత తోటలో నాటాక కూడా ఒకటి చూస్తూ ఉండాలి. అంటు కింద నుంచి రంగపూర్ చిగుర్లు వస్తూనే ఉంటాయి. లేత చిగురు ఊదా రంగు తిరిగి ఉంటే అది రంగపూర్‌ది, చీనీ చిగురు లేత ఆకుపచ్చగా ఉంటుంది. ఊదా చిగుర్లను గోటితో తుంచగలిగినప్పుడే తుంచేయండి. వదిలేస్తే వేరు మూలం చీనీని మింగి తానే చెట్టవుతుంది. ఏడేళ్లు పెంచాక పుల్లటి నిమ్మకాయలు కాసిందని నర్సరీవాళ్లను తిట్టేవాళ్ల తోటల్లో చాలాసార్లు జరిగింది ఇదే.

నాటేటప్పుడు అంటు అతుకు నేలకు జానెడు పైన ఉండాలి. ఆరు మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 110 మొక్కలు పడతాయి. పాదు నీళ్లు మొదలును తాకకుండా మొదలు చుట్టూ మట్టి ఎగదోయండి. ఏటా వానలకు ముందు మొదలుకు బోర్డో పేస్టు పూయండి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు దాని పాళ్లు.

దానిమ్మ: గాలి అంటు

దానిమ్మ గింజ మొక్క తల్లిని పోలదు. భగ్వా రకం గింజ నాటితే భగ్వా రాదు. అందుకే గాలి అంటు కడతారు, అంటే చెట్టు మీదున్న కొమ్మకే వేర్లు పుట్టించి తర్వాత కోస్తారు. జూలై, ఆగస్టు నెలల్లో గాలిలో తేమ ఉన్నప్పుడు మొదలుపెట్టండి.

దీని వెనకున్న సంగతి తెలిస్తే చేతికి పని సులువవుతుంది. కొమ్మలో నీళ్లు చెక్క భాగంలోని దారువు గుండా పైకి పోతాయి. ఆకులు వండిన ఆహారం, చిగుర్లలో పుట్టే ఆక్సిన్ అనే హార్మోను బెరడు గుండా కిందికి వస్తాయి. బెరడును ఉంగరంలా తీసేస్తే నీళ్లు ఆగవు, కొమ్మ వాడదు. కిందికి వచ్చే ఆహారమూ ఆక్సినూ మాత్రం గాయం పై పెదవి దగ్గర ఆగిపోయి పోగుపడతాయి. వేర్లు పుట్టేది ఆ పై పెదవి నుంచే. కాబట్టి మందు పూయాల్సిందీ, తడి తగలాల్సిందీ పై అంచుకే.

ఏడాది వయసున్న, పెన్సిల్ కంటే కాస్త లావైన, తెగులు లేని కొమ్మ ఎంచుకోండి. కొస నుంచి అడుగున్నర కిందకు ఆకులు దూసి, కణుపు కింద నుంచి అంగుళం వెడల్పున చుట్టూ బెరడు తీసేయండి. అక్కడితో ఆగకండి. బయటపడిన చెక్కను కత్తి వీపుతో పొడిబారేదాకా గీకండి. జిగటగా ఉండే ఆ పొరే విభాజ్య కణజాలం. అది మిగిలితే కొత్త బెరడు వంతెన కట్టేస్తుంది, ఆహారం మళ్లీ కిందికి జారిపోతుంది, వేర్లు రావు. దానిమ్మ అంట్లు విఫలమవడానికి నేను చూసినంతలో మొదటి కారణం ఈ గీకుడు సరిగా లేకపోవడమే.

పై అంచుకు వేర్లు పుట్టించే ఐ.బి.ఎ. మందును కుంచెతో పూయండి. లీటరుకు 1.5 నుంచి 2.5 గ్రాముల గాఢత చాలు. ఎక్కువైతే కణజాలం మాడుతుంది. నానబెట్టిన స్ఫాగ్నం నాచునో కొబ్బరి పొట్టునో పిడికెడు తీసుకుని నీళ్లు కారకుండా పిండి, గాయం చుట్టూ పెట్టి, తెల్లటి పాలిథిన్ కాగితంతో చుట్టి రెండు కొసలా గట్టిగా కట్టండి. పాలిథిన్ పారదర్శకంగా ఉంటేనే లోపల వేర్లు కనిపిస్తాయి. పై కట్టు వదులైతే వాన నీరు దిగి నాచు కుళ్లుతుంది.

నెల నుంచి నెలన్నరలో తెల్లటి వేర్లు పాలిథిన్‌కు ఆనుకుని కనిపిస్తాయి. తెల్లగా కనబడగానే కోసేయాలనిపిస్తుంది, ఆగండి. వేరు కాస్త గోధుమ రంగుకు తిరిగి, పిల్లవేర్లు వేసేదాకా ఉండండి. తెల్ల వేరు ఒక్క ఎండకే చచ్చిపోతుంది. కోసేటప్పుడు కూడా ఒక్క దెబ్బతో వద్దు. కట్టు కింద సగం లోతు గాటు పెట్టి వారం ఆగి, అప్పుడు పూర్తిగా కోయండి. సగం ఆకులు తీసేసి, పాలిథిన్ విప్పి, నాచు ఊడదీయకుండా సంచిలో నాటి షేడ్‌నెట్ కింద పెట్టండి. నెల రెండు నెలలకు తోటకు సిద్ధమవుతుంది.

మచ్చ తెగులు ఉన్న తోట దగ్గరికి కూడా అంట్ల కోసం పోకండి. ఆకుల మీద నూనె మరకల్లాంటి చుక్కలు, కణుపుల దగ్గర నల్లబడి విరిగే కొమ్మలు, కాయల మీద ఎల్, వై ఆకారంలో చీలికలు ఉంటే ఆ తోటది ఒక్క పుల్ల కూడా ఇంటికి తేవద్దు. పైకి ఆరోగ్యంగా ఉన్న కొమ్మలోనూ ఆ బాక్టీరియా దాక్కుని ఉంటుంది. మన రైతులు ఈ తెగులుతో తోటలకు తోటలే కొట్టేసుకున్నారు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధే. అందులో కొన్ని తోటలకైనా తెగులు వచ్చింది మొక్కల లారీలోనే.

అరటి: పిలక, ప్రయోగశాల

మనం తినే అరటిపండులో గింజ పెరగదు. కాబట్టి అరటికి అలైంగిక మార్గం తప్ప వేరే దారి లేదు. పిలకలు రెండు రకాలు. ఆకులు సన్నగా కత్తుల్లా నిటారుగా ఉండి అడుగున దుంప లావుగా ఉన్నవి సూది పిలకలు. చిన్న వయసులోనే వెడల్పు ఆకులు విప్పినవి నీటి పిలకలు. నీటి పిలకలు చూడ్డానికి బాగుంటాయి గానీ దుంపలో బలం ఉండదు, గెల చిన్నదవుతుంది. మూడు నెలల వయసు, కిలోన్నర నుంచి రెండు కిలోల దుంప ఉన్న సూది పిలకనే తవ్వండి. పాత వేర్లన్నీ చెక్కేసి, దుంప తెల్లగా కనిపించేదాకా పైపొర తీయండి. ముక్కుపురుగు సొరంగాలు, నల్లటి మచ్చలు కనిపిస్తే ఆ దుంప పారేయండి.

ఇప్పుడు పుట్లూరు, యల్లనూరు, నార్పల వైపు ఎక్కువగా నాటేది టిష్యూకల్చర్ పద్ధతిలో పెంచిన గ్రాండ్ నైన్ రకం మొక్కలే. దుంప మధ్యలోని చిగురు మొనను అతి చిన్న ముక్కగా కోసి, క్రిమిరహితం చేసి, పోషకాల జెల్‌లో పెంచుతారు. 1962లో మురాషిగే, స్కూగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రూపొందించిన పోషక మిశ్రమం ఇప్పటికీ దానికి ఆధారం. మొక్కలన్నీ ఒకే ఈడువి కావడంతో గెలలన్నీ కాస్త అటూ ఇటూగా ఒకేసారి వస్తాయి. ఎగుమతి వ్యాపారికి కావాల్సింది అదే. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు అరటి గెలల రైలు కదిలిందంటే ఈ ఏకరూపత కూడా ఒక కారణం.

ఆ ఏకరూపతలోనే ప్రమాదమూ ఉంది. గ్రో మిషెల్ అనే రకం ఒకప్పుడు ప్రపంచ ఎగుమతి అరటి. ఫ్యుజేరియం శిలీంధ్రం వల్ల వచ్చే పనామా తెగులుతో 1960ల నాటికి అది వ్యాపారం నుంచి తుడిచిపెట్టుకుపోయింది. ఒక్క మొక్క లొంగితే అన్నీ లొంగుతాయి, ఎందుకంటే అన్నీ ఒకే మొక్క. దాని చోట వచ్చిందే కావెండిష్ వర్గం, మన గ్రాండ్ నైన్ అందులోదే. కావెండిష్‌నూ చంపే కొత్త ఫ్యుజేరియం తెగ ఇప్పటికే బిహార్, ఉత్తరప్రదేశ్‌లలో కనబడింది. వేరే రాష్ట్రం నుంచి పిలకలు లారీల్లో తెప్పించే ఆలోచన మానుకోండి. ఇంటి పెరట్లో కొన్ని నాటు అరటి రకాలు కూడా బతకనివ్వండి.

చిన్నవి, సులువైనవి

డ్రాగన్ ఫ్రూట్ కాండాన్ని జానెడున్నర ముక్కగా కోసి, నీడలో వారం పెట్టి, కోసిన చోటు పొరకట్టాక నాటండి. పచ్చిగా నాటితే కుళ్లుతుంది. ఏ కొస కింద ఉండేదో ఆ కొసే మట్టిలో ఉండాలి. కడప జిల్లా చెన్నూరు తమలపాకు తోటల్లో తీగ ముక్కలు కణుపులతో నాటుతారు, వేర్లు కణుపు దగ్గరే పుడతాయి. మైదుకూరు వైపు పసుపుకు కొమ్ము మీద కళ్లు చూసి విత్తనం ఎంచుతారు. పిల్లలకు చూపించాలంటే రణపాల ఆకు ఒకటి తడి ఇసుక మీద పరిచి ఉంచండి. ఆకు అంచు నొక్కుల్లో ఒక్కో చోట చిన్న మొక్క, దాని కింద సన్నటి వేర్లు కొద్ది రోజుల్లో కనబడతాయి. ఏ ఖర్చూ లేని ప్రయోగం.

శిలీంధ్రాలు: సిద్ధబీజాలను మనకోసం పండించుకోవడం

బ్రెడ్డు మీద బూజు పడితే ఆ నల్లటి చుక్కలు ఒక్కోటీ సిద్ధబీజాశయం, అందులో వందల కొద్దీ సిద్ధబీజాలు ఉంటాయి. బేకరీ ఈస్ట్‌ను గోరువెచ్చని చక్కెర నీళ్లలో గంట ఉంచి బడి మైక్రోస్కోపులో చూస్తే ఒక కణం పక్కన చిన్న కణం మొగ్గలా ఉబ్బి కనిపిస్తుంది. ఇంతవరకు పాఠం.

చేనులో జరిగేది ఇంకా పెద్ద కథ. వేరుశనగ తిక్క ఆకుమచ్చ సిద్ధబీజాలు గాలితో, వాన చినుకుల చిమ్మడంతో ఆకు నుంచి ఆకుకు పాకుతాయి. కాండం కుళ్లు తెచ్చే స్క్లెరోషియం పద్ధతి వేరు. అది ఆవగింజంత గోధుమ రంగు గట్టి ఉండలు కట్టి ఏళ్ల తరబడి మట్టిలో కాచుకుని ఉంటుంది. చచ్చిన వేరుశనగ మొక్కను మెల్లగా పీకి మొదలు చూడండి, తెల్లటి బూజు మధ్య ఆ ఉండలు కంటికే కనిపిస్తాయి.

వీటిని ఎదుర్కోవడానికి ఇంకో శిలీంధ్రాన్నే మనం పెంచుకోవచ్చు. అది ట్రైకోడెర్మా. 90 కిలోల బాగా మాగిన పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడి కలపండి. పిడికిట పడితే ముద్దకట్టాలి, వేళ్ల మధ్య నీరు కారకూడదు, అంత తడి చాలు. చెట్టు నీడలో అడుగున్నర ఎత్తు కుప్ప చేసి తడి గోనెసంచులు కప్పండి. మూడు నాలుగు రోజులకొకసారి తిరగేసి నీళ్లు చిలకరించండి. మొదట తెల్లటి పోగులు అల్లుకుంటాయి. పది పదిహేను రోజులకు అవి ఆకుపచ్చగా మారతాయి. ఆ ఆకుపచ్చే సిద్ధబీజాలు, కోట్లలో. తెల్లగా ఉన్నప్పుడే చల్లేస్తే సగం లాభం పోతుంది, పచ్చ తిరిగేదాకా ఆగండి. నల్లగా మారి కుళ్లు వాసన వస్తే తడి ఎక్కువైందని, వేరే శిలీంధ్రాలు చేరాయని అర్థం. దాన్ని వాడకండి.

ఈ కుప్ప ఒక ఎకరాకు సరిపోతుంది. విత్తే ముందు సాలులో, తడి ఉన్నప్పుడు వేయండి. పొడి నేలలో వేస్తే సిద్ధబీజం మొలవదు. విత్తనానికైతే కిలోకు 10 గ్రాముల ట్రైకోడెర్మా పొడి పట్టించాలి. రసాయన శిలీంధ్రనాశని పట్టించిన విత్తనానికి అదే రోజు దీన్ని పట్టించకండి, ఆ మందు దీన్నీ చంపుతుంది.

శైవలాలు: కుంటలో పాచి, డ్రిప్పర్‌లో పాచి

సేద్యపు కుంటలో వెంట్రుకల్లా, జారుతూ చేతికి అంటే ఆకుపచ్చ పాచి తరచుగా స్పైరోగైరా. గాజు సీసాలో కుంట నీళ్లతో కొన్ని పోగులు వేసి, బ్లేడుతో ముక్కలు చేసి, నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర పెట్టండి. ప్రతి ముక్కా కణాలు విభజించుకుంటూ మళ్లీ పొడుగవుతుంది. బడి మైక్రోస్కోపు ఉంటే ప్రతి కణంలో స్ప్రింగులా చుట్టుకున్న ఆకుపచ్చ పట్టీని చూపించండి, పిల్లలు ఆ రోజు మరిచిపోరు. యూలోథ్రిక్స్ లాంటి శైవలాలు ఇంకో అడుగు ముందుకేసి, ఈదగల సిద్ధబీజాలను నీళ్లలోకి వదులుతాయి.

డ్రిప్ వేసుకున్న రైతుకు ఇదే తలనొప్పి. కట్టెతో పాచిని కెలికి తీస్తే సగం ముక్కలై నీళ్లలోనే ఉండిపోతుంది, ప్రతి ముక్కా ఒక విత్తనమే. పాచి తీయాలంటే కెలకకుండా, సన్నటి వలతో పైనుంచి నెమ్మదిగా చుట్టి ఎత్తండి. నల్ల పైపులోకి వెలుతురు రాదు కాబట్టి పాచి పైపులో పెరగదు, కుంటలో పెరిగి ముక్కలుగా వచ్చి డ్రిప్పర్‌లో ఇరుక్కుంటుంది. అందుకే ఇసుక ఫిల్టర్‌ను రోజూ బ్యాక్‌వాష్ చేయడం (నీళ్లు ఎదురు పంపి కడగడం), లాటరల్ (డ్రిప్పర్లున్న సన్న పైపుల) కొసలు వారానికోసారి విప్పి నీళ్లు పారించడం అన్నిటికంటే ముఖ్యం. మోటారు ఫుట్‌వాల్వ్ అడుగు బురదకూ పైపొర పాచికీ మధ్య వేలాడేలా కట్టండి.

అప్పటికీ మూసుకుపోతే క్లోరిన్ వాడాలి. బ్లీచింగ్ పౌడరును నీళ్లలో కలిపి రాత్రంతా తేర్చి, పై తేటను మాత్రమే వెంచురీ (మందును డ్రిప్ నీళ్లలోకి పీల్చే పరికరం) ద్వారా పంపండి. అన్నిటికంటే చివరి డ్రిప్పర్ నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలేదాకా పోనిచ్చి, అరగంట ఆపి, కొసలు విప్పి కడగండి. ఆమ్లంతో కలిపి ఎప్పుడూ పంపొద్దు, విషవాయువు వస్తుంది, ప్రాణాల మీదికి తెస్తుంది. యూరియాతోనూ కలపొద్దు. ట్రైకోడెర్మాను డ్రిప్ ద్వారా ఇచ్చేవాళ్లు క్లోరిన్ ఇచ్చిన తర్వాత పైపులన్నీ మంచినీళ్లతో బాగా కడిగి, కొన్ని రోజులు గడిచాకే ఇవ్వాలి.

అజొల్లా శైవలం కాదు, నీటిలో తేలే ఫెర్న్. దాని ఆకు గుల్లల్లో అనబీనా అనే నీలి ఆకుపచ్చ శైవలం చేరి గాలిలోని నత్రజనిని పట్టిపెడుతుంది. కొమ్మ విరిగిన కొద్దీ పెరిగే మొక్క కాబట్టి షీటు పరిచిన గుంటలో నీడ కింద వేసి, సగం తీసి ఆవులకు వేస్తూ, సగం వదిలేస్తే సరి. మన ఎండాకాలంలో పైన షేడ్‌నెట్ లేకపోతే ఎర్రబడి చచ్చిపోతుంది.

వేసవిలో కుంట ఎండేటప్పుడు స్పైరోగైరా తన పద్ధతి మార్చుకుంటుంది. రెండు పోగులు పక్కపక్కన చేరి లైంగికంగా కలిసి, మందమైన పెంకు ఉన్న సంయుక్తబీజాలు కట్టి బురదలో పడుకుంటాయి. ఎండకు అవి చావవు. కాబట్టి ఏప్రిల్‌లో కుంట పూర్తిగా ఎండినప్పుడే పైపొర పూడిక గీకి తీయించండి. ఆ మట్టిని కుంట గట్టు మీద పోయిస్తే తొలి వానకే తిరిగి లోపలికి జారుతుంది. ట్రాక్టరుకు ఎత్తించి వేరుశనగ వేసే ఎర్రచేనుకు తోలించుకోండి, అక్కడ నిలిచే నీళ్లు ఉండవు కాబట్టి పాచి బెడద లేదు, చేనుకు తేమ నిలిపే గుణం వస్తుంది.